పదిహేడో నంబరు తుపాకి

ఆ రోజు నేను ఒక తుపాకి గొట్టంలో ఉప్పునీళ్ళు పోశాను. తుపాకి నాది కాదు. నన్ను నమ్మి నా చేతికిచ్చిపోయిన మనిషిది. పోసేటప్పుడు అవి ఉప్పునీళ్ళని నాకు తెలుసు. తెలియక చేశానని చెప్పుకోవడానికి చాలా ఏళ్ళు ప్రయత్నించాను గాని, ఆ మాట నా నోటికి ఎప్పుడూ సరిగా పట్టలేదు.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడి, కర్నూలులో కచేరీలు గుడారాల కింద నడుస్తున్న కాలం అది. నేను ప్రొద్దుటూరులో సాయుధ పోలీసు దళంలో కానిస్టేబులుని. మా నాయన కరణం. ఆయన నుంచి నాకు వచ్చిన ఆస్తి గుండ్రటి చేతిరాత ఒక్కటే. ఆ రాత చూసే నన్ను ఆయుధాల గదిలో వేశారు. ఆ గదిని మేము కోత్ అనేవాళ్ళం. ఎవరి తుపాకి ఎప్పుడు బయటికి పోయింది, ఎప్పుడు లోపలికి వచ్చింది, ఎవరు ఎన్నిసార్లు తుడిచారు, ఇవన్నీ రిజిస్టరులో ఎక్కించడం నా పని.

కోత్‌కు పెద్ద మా హెడ్డుసాబు. తెల్లగడ్డం, చెవిలో అత్తరు దూది, యుద్ధకాలంలో ఎక్కడెక్కడో తిరిగివచ్చిన మనిషి. నేను చేరిన మొదటి వారమే నన్ను తుపాకుల వరుస ముందర నిలబెట్టి చెప్పాడు.

"గుండు పేలినాక గొట్టానికి జ్వరమొచ్చినట్లే అబ్బీ. ఆ పొద్దే సలసలా కాగే నీళ్ళు పోయల్ల. పోసి, తుడిచి, నూనె పెట్టల్ల. అంతటితో అయిపాయ అనుకోవద్దు. మూడు దినాలు లోపల్నించి చెమట పడతానే ఉంటాది. మూడు దినాలూ తుడవల్ల. నాలుగో దినం గుడ్డ తెల్లగా వచ్చిందా, ఇంగ వారానికొకసారి చాలు. వానకాలమైతే దినామూ."

"ఒకే దినం బాగా కడిగితే చాలదా సాబ్?"

"ఈ పొద్దు బాగా తింటే రేపు ఆకలి కాదా?" అన్నాడు ఆయన.

కడిగే పద్ధతి కష్టమేమీ కాదు. వెనక బోల్టు ఊడదీసి, గొట్టం మొదట్లో గరాటు పెట్టి, తప్పేలలో కాగిన నీళ్ళు పోస్తే మూతిలోంచి నల్లగా కారతాయి. తెల్లబడేదాకా పోయాలి. వేడికి గొట్టం తనంతట తనే ఆరుతుంది. తరువాత, కొసకు ఇత్తడి గుండు కట్టిన తాడును లోపలికి వదిలి, దాని వెనక గుడ్డపీలిక తగిలించి అవతలినుంచి లాగాలి. ఆ తాడును పుల్‌త్రూ అంటారు. చివరికి నూనె గుడ్డ లాగితే పని అయిపోయినట్టు.

మాకు ఏడాదికి ఒకసారి కాల్పుల అభ్యాసం ఉండేది. జమ్మలమడుగు అవతల ఒక బోడికొండ కింద మట్టికట్ట పోసి, దానిమీద గురిపలకలు నిలబెట్టేవాళ్ళు. దాన్ని రేంజి అనేవాళ్ళం. రేంజికి నలభై అడుగుల దూరంలో ఒక బావి ఉంది. చూడటానికి నీళ్ళు గాజులా ఉంటాయి. నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాల్సిందే. ఆ నీళ్ళతో పప్పు ఉడకదని పక్క పల్లె ఆడవాళ్ళు ఆ బావి వైపే రారు. అందుకని మాకు తాగడానికీ, తుపాకులు కడగడానికీ పెన్నేటిలో చెలమలు తోడి, రెండు పీపాల్లో నింపి, ఎద్దులబండి మీద తెప్పించేవాళ్ళు. ఏరు మైలున్నర దూరం.

"బావినీళ్ళు గొట్టం దగ్గరికి తీసకపోవద్దండప్పా," అని హెడ్డుసాబు ప్రతి ఏడూ చెప్పేవాడు. "మందు పేలినాక నిలిచే ఉప్పును కడిగేదానికి ఉప్పే పోస్తే, అది కడిగినట్లా, ఊరేసినట్లా?"

ఆ ఏడాది దళంలో కానిస్టేబులుకు పైమెట్టయిన నాయకు పట్టీ ఒకటి ఖాళీ అయింది. భుజం మీద ఆ రెండు గీతల పట్టీ కోసం వరుసలో మిగిలింది ఇద్దరం. ఒకరు నేను. రెండోవాడు నా పక్క క్వార్టరువాడు, నాతోపాటే దళంలో చేరినవాడు. వాళ్ళ నాయన మిషను బడిలో పంతులు. అతను తక్కువ మాట్లాడతాడు. పొద్దున్నే వాకిట్లో కూర్చొని బైబిలు చదువుకుంటాడు. మేమిద్దరం ఒకరినొకరు మామా అని పిలుచుకునేవాళ్ళం. మా ప్రాంతంలో చుట్టరికం లేకపోయినా ఆ పిలుపు ఉంది. నాకు రాత ఉంది, అతనికి గురి ఉంది. అతని తుపాకి పదిహేడో నంబరు. దాని వంకర, దాని తన్ను, ఎండలో ఎటు జరుగుతుంది, నీడలో ఎటు జరుగుతుంది, అన్నీ అతనికి తెలుసు. ఆ తుపాకితో అతను కాలిస్తే గురిపలక నడిమధ్య నల్లచుక్క చిల్లులు పడి ఊడిపోయేది.

రేంజి చివరి రోజు అతనే అందరికన్నా ఎక్కువ గుండ్లు కాల్చాడు, అందరికన్నా బాగా కాల్చాడు. కాల్చడం అవుతూనే గురిపలకల కింది గుంతలో దిగి గుర్తులు చూపే పని అతనికి వేశారు. తుపాకి తెచ్చి నా చేతికిచ్చాడు.

"మామా, నన్ను గుంతలోకి తోసినారు. పొద్దుగుంకేదాకా బయటికి రాను. దీనికి నువ్వే నీళ్ళు పోయి."

"పోస్తాలే, పో."

"ఆలస్యం చెయ్యొద్దు మామా. అలుగుతాది."

"నీ పెండ్లాన్ని గూడా ఇంత బాగా చూసుకుంటాండావా ల్యా?"

"పెండ్లాం అలిగితే నోరు తెరిచి తిడతాది. ఇది పలకదు గదా," అని నవ్వి వెళ్ళాడు.

ఎవరి తుపాకి వాళ్ళే కడుక్కోవాలన్నది నియమం. కాని గుంతలో ఉన్నవాడి తుపాకి స్నేహితుడు కడగడం అందరూ చేసేదే.

అందరూ కడిగి వెళ్ళేసరికి పీపాల అడుగున రెండు తప్పేలల నీళ్ళు మిగిలాయి. ఒకటి నాకు, ఒకటి అతనికి. సరిగ్గా సరిపోతాయి. మొదటి తప్పేల కాచి నా తుపాకిలో పోశాను. తుడిచి, వెలుతురుకు పట్టి చూశాను. బాగానే ఉంది. కాని అంచున ఎక్కడో మసక గీత ఉన్నట్టు తోచింది. ఉందో లేదో ఇప్పటికీ తెలియదు. పట్టీకి పేర్లు పంపే ఇన్‌స్పెక్టరు త్వరలో తుపాకులు చూస్తాడు. గురిలో ఎలాగూ ఓడిపోయాను. తుపాకి అయినా అద్దంలా ఉంటే ఆయన కంట్లో పడతాను. అదే ఆలోచన. రెండో తప్పేల కూడా కాచి నా తుపాకిలోనే పోశాను.

పోసేశాక పదిహేడో నంబరు నా ముందు ఉంది. పీపాలు ఖాళీ. బండివాడు ఎద్దులను విప్పి నీడన కట్టేసి పడుకున్నాడు. లేపితే లేస్తాడు. ఏటికి పోయి రావడానికి గంటన్నర. బావి నలభై అడుగులు. కాగిన తరువాత ఏ నీళ్ళయినా నీళ్ళే కదా అనుకున్నాను. బావిలో బొక్కెన వేశాను. తోడి, కాచి, పోశాను. మూతిలోంచి మొదట నల్లగా, తరువాత తెల్లగానే కారాయి. గుడ్డ లాగాను, నూనె పెట్టాను. పక్కపక్కన పెట్టి చూస్తే రెండు గొట్టాలూ ఒకేలా మెరిశాయి. దాంతో నాకు ధైర్యం వచ్చింది.

సాయంత్రం అతను గుంతలోంచి మొహమంతా దుమ్ముతో వచ్చాడు.

"పోసినావా మామా?"

"పోసినా."

"ఏటినీళ్ళే గదా?"

"కాకుంటే?" అన్నాను.

అది అబద్ధం కూడా కాదు, ప్రశ్న. ఆ తెలివితేటలకు ఇప్పుడు సిగ్గుపడతాను.

మరునాడు అందరం ప్రొద్దుటూరుకు వచ్చేశాం. వస్తూనే అతన్ని కొండాపురం వైపు ఖైదీ వెంట లాఠీతో పంపారు. రెండో రోజు, మూడో రోజు తుడవవలసిన పని కూడా నా మీదే పడింది. "రెండు దినాలూ గుడ్డ లాగు మామా, మర్చిపోవద్దు," అని చెప్పి బస్సెక్కాడు.

నేను మర్చిపోలేదు. రెండో రోజు మిగతా తుపాకులన్నీ ఎవరివి వాళ్ళు తుడుచుకున్నారు. నాది నేను తుడిచాను. గుడ్డ బూడిదరంగుగా వచ్చింది. చెమట అంటే అదే. పదిహేడు దగ్గరికి వచ్చి చెయ్యి ఆపాను. ఆ గుడ్డ ఎర్రగా వస్తుందేమోనని భయం. ఎర్రగా వస్తే నాకు తెలిసిపోతుంది. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి. లాగకపోతే ఏమీ తెలియదు. అప్పటికి అది ఎర్రబడి ఉన్నా, మళ్ళీ ఏటినీళ్ళు కాచి పోసి, గట్టిగా రుద్దితే పోయేదని తరువాత హెడ్డుసాబు చెప్పాడు. మొదటి రోజు చేసినది పొరపాటు అని ఎవరైనా అనవచ్చు. రెండో రోజు చేసినది పొరపాటు కాదు. రిజిస్టరులో పదిహేడుకు ఎదురుగా 'తుడవడమైనది' అని నా గుండ్రటి అక్షరాలతో రాశాను. మూడో రోజూ అలాగే రాశాను.

నాలుగో రోజు తెల్లవారుతూనే పులివెందులకు పోవాలని తాఖీదు వచ్చింది. అక్కడికి దగ్గర పల్లెలో తిరునాళ్ళ. బండలాగుడు పందెంలో ముందు ఎవరి ఎద్దులను కట్టాలన్న దగ్గర రెండు వర్గాలు పట్టుబట్టి కూర్చున్నాయి. పదిమంది తుపాకులతో రావాలని కబురు. నా స్నేహితుడు కొండాపురం నుంచి అప్పుడే దిగాడు. స్నానం కూడా చెయ్యలేదు. బయట లారీ హారను మోగుతోంది. అతను వరుసలోంచి పదిహేడు తీసుకుంటూ అడిగాడు.

"రెండు దినాలూ లాగినావు గదా మామా?"

"రిజిస్టరు చూసుకో," అన్నాను.

అతను చూడలేదు. నన్ను నమ్మితే రిజిస్టరు దేనికి? నవ్వి, తుపాకి భుజాన వేసుకొని లారీ ఎక్కాడు.

ముద్దనూరు మీదుగా పులివెందులకు పోతున్నాం. మిగతావాళ్ళు తిరునాళ్ళలో బొరుగులు తింటామని, చక్కిలాలు కొంటామని ఒకటే పరాచికాలు. అతను నాకు ఎదురుగా, తుపాకిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకొని కూర్చొని కునుకు తీశాడు. లారీ ఎగిరిన ప్రతిసారీ ఆ గొట్టం మూతి నా వైపు ఊగేది. నేను దానిలోకి చూడకుండా బయట సీతాఫలం చెట్లను చూస్తూ కూర్చున్నాను.

పులివెందుల స్టేషను ఆవరణలో ఇన్‌స్పెక్టరు మా కోసం నిలబడి ఉన్నాడు. తిరునాళ్ళకు పోయేముందు తుపాకులు చూస్తానన్నాడు. వరుసలో నిలబడ్డాం. అతను మూడోవాడు, నేను ఆరోవాడిని. తుపాకి చూడటానికి ఒక పద్ధతి ఉంది. బోల్టు వెనక్కి లాగి, గొట్టం మొదట్లో మనం బొటనవేలి గోరు పెడతాం. గోటి మీద పడిన వెలుతురు గొట్టంలోకి పోతుంది. అధికారి మూతిలో కన్ను పెట్టి చూస్తాడు. అందుకని ఆ రోజు గోళ్ళు శుభ్రంగా ఉండాలి.

మొదటివాడి దగ్గర ఒక క్షణం. రెండోవాడి దగ్గర ఒక క్షణం. మూడోవాడి దగ్గర ఆయన ఆగిపోయాడు. కన్ను తీసి, కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశాడు.

"వేలు సరిగ్గా పెట్టు."

"పెట్టినాను సార్."

"గుడ్డ తెండి."

ఎవరో పుల్‌త్రూ ఇచ్చారు. ఆయనే స్వయంగా లాగాడు. గుడ్డ బయటికి వచ్చింది. ఇటుకపొడిలో ముంచి తీసినట్టుంది. దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి వరుసంతా చూపించాడు.

"ఇది తుపాకా, పాడుబడిన బోరింగు పైపా? గురిలో మొదటోడివంట గదా నువ్వు! పెండ్లిలో మెడ నిండా బంగారేసుకొని, ఇంట్లో అంట్లు తోమనిదాని మాదిరి ఉండావే!"

వరుసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. అతను నవ్వినవాళ్ళ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. ఆ గుడ్డను చూస్తూ నిలబడ్డాడు. తన ఇంట్లో ఎవరికో జబ్బు చేసిందని విన్నవాడి మొహం.

తరువాత నా వంతు. నా గొట్టంలోంచి కన్ను తీసి ఇన్‌స్పెక్టరు నా భుజం తట్టాడు.

"శబాష్. రండప్పా, అందరూ వచ్చి చూడండి. తుపాకి అంటే ఇట్లుండల్ల."

ఒక్కొక్కరే వచ్చి చూశారు. అతన్నీ పిలిచారు. అతనూ వచ్చి నా గోటి మీది వెలుతురులో నా గొట్టంలోకి చూశాడు. "బాగుంది సార్," అన్నాడు. ఆ గొట్టం మెరుపు తన వాటా నీళ్ళతో వచ్చిందని అతనికి ఎలా తెలుస్తుంది?

అతని తుపాకి లాక్కొని చేతికి లాఠీ ఇచ్చారు. తిరునాళ్ళలో మేము తొమ్మిదిమంది తుపాకులతో వెనక, అతను లాఠీతో ముందు. ఇటు నూరుమంది, అటు నూరుమంది. మధ్యలో పందెపు బండ. ఎద్దులు రెండు వైపులా మెడలు విసురుతున్నాయి. ఎండ మాడిపోతోంది. ఎక్కడినుంచో ఒక రాయి వచ్చి అతని కాళ్ళ ముందు పడింది. అతను కదలలేదు. వంగి దాన్ని తీసి పక్కన పెట్టాడు. ఆ క్షణంలో నా మనసులో వచ్చిన మాటను దాచను. ఇంక ఆ పట్టీ నాదే, అని వచ్చింది. వచ్చిన వెంటనే తల విదిలించుకున్నాను గాని, వచ్చిన మాట వచ్చింది.

చివరికి ఊరి పెద్దలు రెండు వర్గాలవీ కాకుండా మూడో ఊరి ఎద్దులను ముందు కట్టించారు. "మా ఇద్దరి పౌరుషం వాని ఎద్దులకు మేతైంది," అని ఒక ముసలాయన గొణిగాడు. జనం నవ్వారు. మేము లారీ ఎక్కాం.

తిరునాళ్ళ అయిన మూడో రోజు ప్రొద్దుటూరులో విచారణ జరిగింది. ఇన్‌స్పెక్టరు ముందర బల్లమీద రిజిస్టరు, దాని పక్కన పదిహేడో నంబరు తుపాకి. హెడ్డుసాబు గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

"మూడు దినాలు తుడిచినట్లు ఈడ రాసుంది. మరి తుప్పెట్లొచ్చె? మొదటి దినం నీళ్ళే పోసినట్లు లేదు," అని ఇన్‌స్పెక్టరు నా స్నేహితుణ్ణి అడిగాడు. "ఎవరు కడిగినారు దీన్ని?"

నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. అతను నా పేరు చెబితే అయిపోయేది. చెప్పడానికి అతనికి హక్కు ఉంది.

"కడగాల్సింది నేను సార్. నా తుపాకి," అన్నాడు.

"నేనడిగింది అది గాదు."

"నా తుపాకి సార్," అని మళ్ళీ అన్నాడు.

ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగి, "నీకేమన్నా తెల్సా?" అన్నాడు. నేను, "లేదు సార్," అన్నాను.

పట్టీకి అతని పేరు కొట్టేస్తానని ఇన్‌స్పెక్టరు చెప్పాడు. సోమవారం కాగితాలు కడపకు పోతాయి. ఆ రోజు గురువారం.

ఆ మూడు రోజుల్లో క్వార్టర్లలో అతనికి కొత్త పేరు వచ్చింది. తుప్పన్న. అక్కడి బావి దగ్గర బిందె పెట్టుకున్న అతని భార్యను ఎవరో అడిగారు: "ఏమ్మా, మీ ఇంట్లో కత్తిపీట గూడా ఎర్రగానే ఉంటాదా?" ఆమె బిందె నింపుకొని, నేను నిలబడిన వైపు నుంచే నడిచి వెళ్ళింది. అతను మాత్రం నన్ను ఏమీ అడగలేదు. పొద్దున్నే వాకిట్లో కూర్చొని చదువుకునేవాడు కాదు, అంతే.

శనివారం హెడ్డుసాబు నన్ను కోత్‌కు పిలిచాడు. రేంజికి తీసుకుపోయిన తప్పేల ఆయన చేతిలో ఉంది. దాన్ని నా ముందు వంచి లోపల వేలితో గీకాడు. తెల్లటి పొడి రాలింది.

"ఏటినీళ్ళు కాస్తే అడుగున ఇట్ల పేరుకుంటాదా అప్పా?"

నేను ఆ పొడినే చూస్తూ నిలబడ్డాను.

"నేను పోయి చెప్పొచ్చు. చెప్తే వానికి న్యాయమైతాది, నువ్వు దొంగవైతావు. నీకు సోమవారం పొద్దున దాకా టైముంది. నీ నోటితో రానీ," అని తప్పేల తీసుకొని వెళ్ళిపోయాడు.

ఆదివారమంతా కూర్చొని ఒక కాగితం రాశాను. నా చేతిరాత ఆ రోజు కూడా అందంగానే ఉంది. ఏటినీళ్ళు అయిపోయినందున బావినీళ్ళు వాడాననీ, రెండో రోజు, మూడో రోజు తుడవకుండానే తుడిచినట్టు రాశాననీ, తప్పంతా నాదేననీ రాశాను. సోమవారం కచేరీ తెరవగానే ఇచ్చాను. ఇన్‌స్పెక్టరు రెండుసార్లు చదివాడు. నన్ను తిట్టాడు. తిట్టిన తరువాత కుర్చీలో వెనక్కి వాలాడు.

"నీళ్ళు అయిపోతే మనిషేం చేస్తాడులే. రిజిస్టరులో రాసింది మాత్రం తప్పు. అయినా ఎవురూ పట్టుకోకముందే వచ్చి చెప్పినావు. ఇట్లాంటోళ్ళే కావల్ల నాకు," అన్నాడు. నాకు హెచ్చరిక ఒకటి రాసి, నా స్నేహితుడి మీది అభియోగం కొట్టేశాడు. ఇద్దరి పేర్లూ కడపకు పంపుతానన్నాడు. కాగితాలు మరునాటి బస్సుకు వాయిదా పడ్డాయి.

బయటికి వస్తే వరండాలో నా స్నేహితుడు నిలబడి ఉన్నాడు. గుమాస్తా అప్పటికే చెప్పినట్టున్నాడు. నా చెయ్యి పట్టుకున్నాడు.

"పోనీలే మామా. నీళ్ళు అయిపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు? ఆ పొద్దే నాకు చెప్పుంటే ఇద్దరం గలిసి రుద్దేవాళ్ళం గదా. మధ్యాన్నం ఇంటికి రా, సంగటి తిందాం."

నేను చెయ్యని తప్పుకు అతను నన్ను క్షమించాడు. చేసిన తప్పు ఇంకా నా దగ్గరే ఉంది. పైగా ఇన్‌స్పెక్టరు దృష్టిలో నేను ముందుకన్నా మంచివాణ్ణయ్యాను. పట్టీ రావడానికి ఇప్పుడే ఎక్కువ వీలు. కాగితం రాసేటప్పుడు 'నీళ్ళు అయిపోయినందున' అన్న మాట దగ్గర నా కలం ఒక్క నిమిషం ఆగింది. ఆగి, సాగింది. ఎవరి తుపాకికి అయిపోయాయో రాయలేదు.

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. అతని భార్య రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. ఆమె మొహంలో నా మీద కోపం కొంచెం తగ్గింది. నేను ముద్ద కలపలేకపోయాను.

"మామా, నీళ్ళు అయిపోలేదు," అన్నాను.

అతను తల ఎత్తాడు.

"రెండు తప్పేలలు మిగిలినాయి. ఒకటి నీకే. రెండూ నా తుపాకికే పోసుకున్నా. పట్టీ కోసరం. అది మెరిసిందే, ఇన్‌స్పెక్టరు అందరికీ చూపించలేదా, అది నీ వాటా నీళ్ళతో మెరిసింది."

అతను చేతిలోని ముద్ద కంచంలో పెట్టాడు. బయట ఎవరో బొక్కెన దించుతున్న చప్పుడు వినిపించింది. చివరికి అతను, "నేను గూడా ఆ గొట్టంలో చూసినా గదా మామా," అన్నాడు. చెయ్యి కడుక్కొని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

నేను లేవబోయాను. అతని భార్య తలుపుకు అడ్డంగా నిలబడింది.

"యాడికి లేస్తాండావు? పెట్టిన కూడు వదిలేసి పోతే మా ఇంటికి మంచిది గాదు. తిను. తిన్నాక పోయి, ఇప్పుడు ఈడ చెప్పిందంతా ఆడ గూడా రాసిచ్చి రా. మాకు చెప్పి ఏం లాభం? మేము పట్టీలు ఇచ్చేవాళ్ళమా?"

నేను తలవంచుకొని ఆ సంగటంతా తిన్నాను.

అక్కడినుంచి నేరుగా కచేరీకి వెళ్ళి రెండో కాగితం రాశాను. అది నాలుగే వాక్యాలు. మిగిలిన రెండు తప్పేలల మంచినీళ్ళూ నా తుపాకికే వాడుకున్నాను. నాయకు పట్టీ వస్తుందన్న ఆశతో అలా చేశాను. విచారణలో అడిగినప్పుడు తెలియదని అబద్ధం చెప్పాను. నా పేరు కడపకు పంపవద్దు. ఇన్‌స్పెక్టరు ఈసారి ఒక్కసారే చదివాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నా పేరు మీద గీత కొట్టి, కోత్ తాళాలు బల్లమీద పెట్టమన్నాడు. పెట్టాను.

"ఇంకేమన్నా ఉండాదా?" అన్నాడు.

"ఒకటుంది సార్. నా తుపాకి అతనికి ఇప్పించండి. పదిహేడు నాకివ్వండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "దాని లోపలంతా గుంటలు పడినాయి. దాంతో గురి తగలదు. తెల్సా?"

"తెలుసు సార్."

ఆ నెలలోనే అతనికి పట్టీ వచ్చింది. నా తుపాకి తీసుకున్నాడు గాని, అది అతనికి ఎప్పుడూ పూర్తిగా లొంగలేదు. మళ్ళీ మునుపటిలా నల్లచుక్క ఊడిపోయేట్టు కాల్చలేదు. ఆ నష్టాన్ని నేను ఏ కాగితంతోనూ పూడ్చలేకపోయాను. మామా అని పిలవడం రెండేళ్ళకు మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ రెండేళ్ళూ నన్ను పేరుతో పిలిచాడు.

పదిహేడు ఆరేళ్ళు నా దగ్గర ఉంది. గుంటలు పడిన గొట్టానికి మూడు రోజుల లెక్క, వారం లెక్క పనికిరావు. తేమ ఆ గుంటల్లో కూర్చుంటుంది. దాన్ని దినామూ తుడవాలి, కాల్చినా కాల్చకపోయినా, వాన ఉన్నా లేకున్నా. కొన్ని రోజులు గుడ్డ తెల్లగా వచ్చేది, కొన్ని రోజులు ఎర్రగా వచ్చేది. ఎలా వచ్చినా అలాగే రిజిస్టరులో రాయించేవాణ్ణి. ప్రతి ఏడూ రేంజిలో అందరికన్నా చివర నిలిచేవాణ్ణి. దళంలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎందుకని అడిగితే, జరిగింది మొదటినుంచి చెప్పేవాణ్ణి. రెండు తప్పేలల సంగతి వదలకుండా చెప్పేవాణ్ణి.